దొంగిలించిన సలామీ, కొనలేని జెర్సీ

మాంసం కొట్టులో ఎవరూ చూడకుండా ఒక పిల్లవాడు సలామీ కడ్డీ దొంగిలించి ఇంటికి తెస్తాడు. తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని అదే కొట్టుకు వెళ్లి, దాన్ని వాడి చేతే తిరిగి ఇప్పిస్తాడు. ఎందుకు తీశావని అడిగితే వాడు చెప్పేది ఆకలి గురించి కాదు. తన స్నేహితుణ్ణి, ఇంట్లో తిండి చాలడం లేదని, అమ్మానాన్నలు ఎక్కడో ఉన్న బంధువుల ఇంటికి పంపేశారట. తననూ అలాగే పంపేస్తారేమోనని భయం. తండ్రి వాడి ఎదుట వంగి రెండు మాటలు చెప్తాడు. ఏం జరిగినా మనం దొంగతనం చేయం. ఎంత కష్టమొచ్చినా నిన్ను ఎక్కడికీ పంపను.

రాన్ హోవర్డ్ తీసిన 'సిండరెల్లా మ్యాన్' (2005)లోని సన్నివేశం ఇది. ఆ తండ్రి పేరు జేమ్స్ జె. బ్రాడక్, నిజంగా బతికిన బాక్సర్. 1929 జులైలో లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం పోరాడి ఓడిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి ఆ దేశంలో పని చేయగలవాళ్లలో నలుగురికి ఒకరు చొప్పున ఖాళీగా ఉన్నారు. కుడిచెయ్యి పదేపదే విరిగి, ఆట సాగక, బ్రాడక్ న్యూజెర్సీ రేవుల్లో కూలిపనికి వెళ్లాడు. తర్వాత 250 డాలర్లకు ఒప్పుకున్న ఒక పోటీతో మళ్లీ బరిలోకి వచ్చి, ఏడాది తిరిగేసరికి, 1935 జూన్ 13న, మాక్స్ బేర్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు పందేల్లో అతనికి ఇచ్చిన విలువ పదికి ఒకటి.

ఇలాంటి సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు మాట ఎప్పుడూ ఆఖరి రౌండు దగ్గరికే వెళ్తుంది. పేదరికం హీరో దాటాల్సిన ఒక మెట్టుగా, గెలుపును మరింత తియ్యగా చేసే చేదుగా మిగిలిపోతుంది. ఆ సలామీ సన్నివేశాన్ని దగ్గరగా చూస్తే మాత్రం అసలు కథ ఇంట్లో నడుస్తోందని తెలుస్తుంది. తండ్రి ఇచ్చిన రెండు మాటలూ ఒక తీరువి కావు. దొంగతనం చేయననే మాటను జేబులో పైసా లేకపోయినా నిలబెట్టుకోవచ్చు. నిన్ను పంపననే మాటకు డబ్బు కావాలి. బొగ్గు కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి, పాలు తేవాలి. బ్రాడక్ తన చేతిలో ఉన్నదాన్నీ, చేతిలో లేనిదాన్నీ ఒకే ఊపిరిలో కొడుక్కి ఇచ్చేశాడు.

రెండో మాటను తప్పింది అతని భార్య మే. చలికాలంలో ఇంటికి కరెంటు తీసేస్తారు. ఒక పిల్లవాడికి జ్వరం పట్టుకుంటుంది. మే మగపిల్లల్ని పుట్టింటికి, ఆడపిల్లను తన తోబుట్టువు ఇంటికి పంపేస్తుంది. భర్తను అడగదు. పని నుంచి వచ్చిన బ్రాడక్ ఖాళీ ఇల్లు చూసి కుంగిపోతాడు, కోపగిస్తాడు. వాడికి మాటిచ్చాను అంటాడు.

ఇక్కడ ప్రేక్షకుడి జాలి సహజంగా తండ్రి వైపు పోతుంది. న్యాయం మాత్రం తల్లి వైపే ఉంది. అతను ఇచ్చిన మాట బరువంతా మోయాల్సింది ఆమె. రోజంతా రేవులో బస్తాలు లాగే మనిషికి ఇంట్లో పాలు ఎన్ని ఉన్నాయో లెక్క తెలియదు. సీసాలో మిగిలిన పాలకు నీళ్లు కలిపే చెయ్యి భార్యది. కూతురు ఇంకా ఆకలి అంటే బ్రాడక్, కలలో బ్రహ్మాండమైన భోజనం చేశాను, కడుపు నిండిపోయింది అని అబద్ధం చెప్పి తన ముక్క పిల్లకు పెట్టేస్తాడు. ఆ అబద్ధం మనసును తాకుతుంది, నిజమే. అయితే ఆ పూట గడిచాక రేపటి పూట గురించి ఆలోచించే మనిషి ఇంకొకరు కావాలి. జ్వరంతో ఉన్న బిడ్డ ముందు మాట నిలుపుకోవడం పెద్దదా, వెచ్చని గది పెద్దదా? ఆ తల్లికి ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే తీరిక కూడా లేదు.

తెలుగు ఇళ్లలో ఈ నిర్ణయం కొత్తది కాదు. పిల్లల్ని హాస్టల్లో వేయడం వెనక చదువు ఒక్కటే ఉండదు. మూడు పూటలా అన్నం దొరుకుతుందన్న లెక్క కూడా ఉంటుంది, పైకి చెప్పుకోకపోయినా. గేటు దగ్గర బిడ్డను వదిలి వెనక్కి తిరిగి చూడకుండా నడిచే తల్లి మాట తప్పుతున్నట్టా, నిలబెడుతున్నట్టా అన్నది బయటివాళ్లు తేల్చగలిగింది కాదు.

పిల్లల్ని వెనక్కి తెచ్చుకోవడానికి బ్రాడక్ చేసే పని ఆ సినిమాలోకెల్లా బరువైనది. ముందు ప్రభుత్వ సహాయ కేంద్రంలో వరసలో నిలబడతాడు. కిటికీ వెనక ఉన్నామె అతన్ని గుర్తుపడుతుంది. అక్కడ దొరికింది చాలదు. అప్పుడు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాక్సింగ్ పెద్దలు కూర్చునే గదికి వెళ్లి, టోపీ తీసి పట్టుకుని ఒక్కొక్కరి ముందూ చేయి చాస్తాడు. అతన్ని ఆట నుంచి తప్పించిన మనుషులూ అందులో ఉన్నారు. ఆ గదిలో నాణేలు పడే చప్పుడు బరిలోని గుద్దులకంటే గట్టిగా వినిపిస్తుంది. దొంగతనం, భిక్ష, బిడ్డల ఎడబాటు: లేమి అతని ముందు పెట్టినవి ఈ మూడే. మూడింటిలో ఏదీ మంచిది కాదు. తన పరువు ఒక్కటే పోయేదాన్ని ఎంచుకున్నాడు. మిగతా రెండింటిలో పిల్లలకు దెబ్బ తగులుతుంది. అతని గొప్పతనం అంటూ ఏదైనా ఉంటే ఆ ఎంపికలో ఉంది.

మళ్లీ గెలవడం మొదలయ్యాక అతను సహాయ కేంద్రానికి వెళ్లి తీసుకున్న డబ్బు తిరిగి కట్టేస్తాడు. ఇది కల్పన కాదు, నిజంగా జరిగింది. ఆనాటి పత్రికలు పొగిడాయి, సినిమా కూడా పొగుడుతుంది. ఇక్కడ కొంచెం ఆగాలి. అతని నిజాయతీలో లోపం లేదు. లోపం ఆ నిజాయతీని చూపిన తీరులో ఉంది. తిరిగి కట్టిన మనిషిని ఆదర్శంగా నిలబెడితే, అదే వరసలో అతని ముందూ వెనకా నిలబడి, జీవితంలో ఎప్పటికీ తిరిగి కట్టలేకపోయినవాళ్ల సంగతేంటి? ఆ సాయం వాళ్లకు అప్పుగా ఇచ్చింది కాదు. మన దగ్గర కూడా రేషన్ కార్డు, పింఛను గురించి మాట్లాడేటప్పుడు ఈ చూపే కనిపిస్తుంది. సిగ్గుపడుతూ తీసుకునేవాడు మంచి పేదవాడు, హక్కుగా అడిగేవాడు సోమరి. బ్రాడక్ కథ తనకు తెలియకుండానే ఈ ఆలోచనకు బలం ఇస్తుంది.

దీనికి విరుగుడు కూడా ఆ సినిమాలోనే ఉంది, కాకపోతే పక్కకు నెట్టేసినట్టు ఉంటుంది. విరిగిన చేతికి వేసిన కట్టు కనిపిస్తే పని ఇవ్వరని బ్రాడక్ దానికి బూట్ పాలిష్ పూసి రేవుకు వెళ్తాడు. జత కట్టి మోసే పని అది. ఒకడి చెయ్యి పనిచేయకపోతే బరువు రెండోవాడి మీద పడుతుంది. అంటే కొడుక్కి దొంగతనం తప్పని చెప్పిన మనిషే, పక్కవాడి బలాన్ని అడక్కుండా వాడుకున్నాడు. సినిమా దీన్ని మోసంగా చూపదు, మనం కూడా అలా చూడం. కడుపుకోసం చెప్పే అబద్ధానికి మన మనసుల్లో వేరే తూకం ఉంది. ఆ రెండోవాడు మైక్, ఒకప్పుడు స్టాక్ బ్రోకర్, కల్పిత పాత్ర. అతను బ్రాడక్ కష్టాన్ని దాచిపెట్టి సాయం చేస్తాడు. అతనికి బాక్సింగ్ రాదు. మళ్లీ బరిలోకి తీసుకెళ్లే మేనేజర్ లేడు. చివరికి సెంట్రల్ పార్కులో నిరాశ్రయులు వేసుకున్న గుడిసెల మధ్య గొడవలో దెబ్బతిని చనిపోతాడు. అదే కష్టం, అదే కుటుంబ ప్రేమ, చేతిలో ఆట ఒక్కటే లేదు. మైక్ భార్య కథను ఇంకో పావుగంట చూపించి ఉంటే ఈ సినిమా ఇంకా పెద్దది అయ్యేది.

ఆ పావుగంట మాక్స్ బేర్‌కు పోయింది. బేర్‌ను సినిమా క్రూరుడిగా, మనుషుల్ని చంపి గర్వపడేవాడిగా చూపింది. 1930లో అతనితో పోరాడిన ఫ్రాంకీ క్యాంప్‌బెల్ చనిపోయిన మాట నిజం. ఆ చావు బేర్‌ను చాలాకాలం వెంటాడిందనీ, తర్వాతి పోటీల్లో వచ్చిన డబ్బు క్యాంప్‌బెల్ కుటుంబానికి ఇచ్చాడనీ కూడా చరిత్రలో ఉంది. సినిమా వచ్చినప్పుడు బేర్ కొడుకు బహిరంగంగా బాధపడ్డాడు. అయినా ఇలా ఎందుకు చేశారో ఊహించడం కష్టం కాదు. పేదరికానికి ముఖం ఉండదు. బ్యాంకుల పతనాన్నీ, మూతపడ్డ కార్ఖానానీ బరిలో నిలబెట్టి గుద్దలేం. ప్రేక్షకుడిలో రెండు గంటలుగా పేరుకున్న కోపానికి ఒక ముఖం కావాలి. అందుకోసం చనిపోయిన ఒక మనిషి పేరును వాడుకున్నారు. ఒక కుటుంబం పరువు గురించి అంత శ్రద్ధగా చెప్పిన సినిమా ఇంకో కుటుంబం పరువు విషయంలో ఇంత నిర్లక్ష్యంగా ఉండటం బాధపెడుతుంది.

బేర్‌తో పోరుకు ముందు మే భర్తకు అడ్డు చెప్తుంది. ఇంతకాలం ఆమె భరించింది ఆకలిని. ఇప్పుడు అడుగుతున్నది ప్రాణం. ఈ పోటీకి వెళితే నేను నీ వెనక ఉండను అని తేల్చి చెప్తుంది. చివరికి మనసు మార్చుకుని వచ్చి దీవించినా, ఆమెకు ప్రమాదం ఎంతదో తెలుసు. కాదనే అవకాశం దొరికింది.

'జెర్సీ' (2019)లో సారాకు ఆ అవకాశం దొరకలేదు. గౌతమ్ తిన్ననూరి తీసిన ఈ సినిమాకు తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. 1996 హైదరాబాద్. అర్జున్‌కు 36 ఏళ్లు. పదేళ్ల కిందట క్రికెట్ వదిలేశాడు, ప్రభుత్వ ఉద్యోగం ఆరోపణలతో పోయింది. ఇల్లు సారా జీతం మీద నడుస్తోంది. పుట్టినరోజుకి ఇండియా జెర్సీ కావాలని కొడుకు అడుగుతాడు. ధర 500 రూపాయలు. అప్పు పుట్టదు. అర్జున్ భార్య పర్సులోంచి తీయబోయి దొరికిపోతాడు.

రెండు సినిమాల్లోనూ దొంగతనం ఉంది, కానీ దారి తిరగబడింది. అక్కడ ఇల్లు చెదిరిపోకూడదని కొడుకు దొంగిలించాడు, తండ్రి సరిదిద్దాడు. ఇక్కడ కొడుకు దృష్టిలో తండ్రి స్థానం చెదిరిపోకూడదని తండ్రే దొంగతనానికి దిగాడు, అదీ ఇంటిని మోస్తున్న మనిషి దగ్గర. జెర్సీ తిండి కాదు, మందు కాదు. పేదవాళ్ల ఇళ్లలో ఇలాంటి ఖర్చు దగ్గరే గొడవలు పెద్దవవుతాయి. బియ్యం కొనాలా వద్దా అని ఎవరూ కొట్టుకోరు. పుట్టినరోజు బట్టలు, స్కూల్ పిక్నిక్ డబ్బులు, పండక్కి టపాకాయలు వచ్చినప్పుడే ఇద్దరిలో ఒకరు ప్రేమ చూపించేవాళ్లుగా, ఇంకొకరు లెక్కలు చూసేవాళ్లుగా విడిపోతారు. లెక్కలు చూసే మనిషి చెడ్డవాళ్లవుతారు. చాలామంది ప్రేక్షకులకు సారా గయ్యాళిలా కనిపించింది. ఆ ఇంటి ఖర్చంతా ఆమె ఒక్క జీతంలోంచి పోతోందని గుర్తుపెట్టుకుంటే ఆమె కోపంలో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు.

వెయ్యి రూపాయల ఫీజు కోసం అర్జున్ ఒక చారిటీ మ్యాచ్ ఆడతాడు. అక్కణ్నుంచి మళ్లీ రంజీ ట్రోఫీ క్రికెట్ వైపు నడుస్తాడు. చివర్లో తెలిసేదేంటంటే, అతను ఒకప్పుడు ఆట వదిలింది గుండె జబ్బు వల్ల. ఆడితే ప్రాణానికి ప్రమాదమని తెలిసీ, ఇంట్లో చెప్పకుండా మళ్లీ బ్యాటు పట్టాడు. సినిమా దీన్ని త్యాగంగా చూపుతుంది. థియేటర్లో ఏడవని మనిషి అరుదు. ఆ ఏడుపు ఆగాక ఒక ప్రశ్న మిగులుతుంది. సంపాదించే మనిషి ఒక్కరే ఉన్న ఇంట్లో, ఒక తండ్రి తన ప్రాణాన్ని పణంగా పెట్టే ముందు భార్యను అడగాలా వద్దా? ఆ ప్రాణం అతనిదే అయినా, పోతే ఒంటరిగా బిడ్డను పెంచాల్సింది ఆమె. సారా తర్వాతి సంవత్సరాలు ఎలా గడిచాయో సినిమా చెప్పదు. పెద్దవాడైన కొడుకు, తండ్రి పేరున్న జెర్సీ మాత్రం కనిపిస్తాయి.

గెలుపు చేసే పని ఇదే. అది వెనక్కి వెళ్లి లెక్కలన్నీ కొట్టేస్తుంది. బ్రాడక్ బేర్ చేతిలో చనిపోయి ఉంటే మే మాట వినని మొండివాడిగా మిగిలేవాడు. అర్జున్ ఆ సీజన్‌లో పరుగులు చేయకపోయి ఉంటే ఇల్లు పట్టని మనిషి అయ్యేవాడు. నిర్ణయం తీసుకున్న రోజున ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే, ఏమవుతుందో తెలియకపోవడం. నిర్ణయం తప్పో ఒప్పో ఆ రోజు తెలిసినదాన్ని బట్టి తూచాలి. సినిమా మాత్రం స్కోరు బోర్డు చూసి తీర్పు చెప్తుంది.

స్కోరు బోర్డు మోసం చేసిన కథ చూడాలంటే 'హూప్ డ్రీమ్స్' (1994) ఉంది. స్టీవ్ జేమ్స్ బృందం ఏళ్ల తరబడి తీసిన డాక్యుమెంటరీ. షికాగోలో పేద నల్లజాతి కుటుంబాలకు చెందిన ఇద్దరు అబ్బాయిలు, ఆర్థర్ ఏజీ, విలియం గేట్స్, బాస్కెట్‌బాల్ ఆడతారని ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు హైస్కూలు పిలిచి చేర్చుకుంటుంది. విలియం ఆట బాగుంది, ఫీజుకు దాతలు దొరికారు. ఆర్థర్ ఆట అనుకున్నంత ఎదగలేదు. ఫీజు పెరిగింది, ఇంట్లో తల్లిదండ్రుల పనులు పోయాయి. చదువు మధ్యలో ఆ పిల్లవాడు బయటికి రావాల్సి వచ్చింది. బాకీ తీర్చేవరకు స్కూలు మార్కుల రికార్డులు కూడా ఇవ్వలేదు. ఇక్కడ విలన్ అంటూ ఎవరూ లేరు. ఒక రసీదు, ఒక ఫైలు, అంతే.

ఆర్థర్ తల్లి షీలా కెమెరా వైపు తిరిగి, నెలకు 268 డాలర్లతో పిల్లల్ని ఎలా పెంచుతున్నానో మీరెప్పుడైనా ఆలోచించారా అని అడుగుతుంది. ఆ ఇంటికి కరెంటు, గ్యాస్ తీసేసిన రోజులు ఉన్నాయి. ఆర్థర్‌కు పద్దెనిమిదేళ్లు నిండగానే, ఇంకా స్కూల్లో ఉన్నా, వాడి వాటా కింద వచ్చే సహాయం ఆగిపోయింది. అదే పుట్టినరోజుకు ఆమె కేకు చేస్తూ, వాడు పద్దెనిమిదేళ్లు బతికాడు, అదే సంతోషం అంటుంది. ఇంకోవైపు విలియం అన్న కర్టిస్ ఒకప్పుడు మంచి ఆటగాడు, పైకి రాలేకపోయాడు. తన ఓటమిని తమ్ముడి మోకాళ్ల మీద పెట్టాడు. ఆ మోకాలు గాయపడింది. నువ్వు ఆటలో పైకొచ్చాక నన్ను మర్చిపోకు అని అందరూ అంటారు, నేను పైకి రాకపోతే మీరు నన్ను మర్చిపోకండి అని నేననాలి అన్న అర్థంలో విలియం ఒక మాట అంటాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద ఇంటిల్లిపాదీ పెట్టుకున్న ఆశ ఎంత బరువో దానికంటే సూటిగా చెప్పిన మాట ఇలాంటి సినిమాల్లో దొరకడం కష్టం. ఇద్దరిలో ఎవరూ అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ దాకా వెళ్లలేదు.

తెలుగు ఇళ్లలో ఆట మీద ఆశకు ఇంకో రూపం ఉంది, అది ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చే స్పోర్ట్స్ కోటా. సుధ కొంగర 'గురు' (2017)లో విశాఖ మురికివాడకు చెందిన అక్కాచెల్లెళ్లున్నారు. అక్క బాక్సింగ్ నేర్చుకునేది పతకం కోసం కాదు, పోలీసు ఉద్యోగం కోసం. కూరగాయలు అమ్మే చెల్లెల్లో అసలు ప్రతిభ ఉందని కోచ్ గుర్తించి, సాధనకు వస్తే తన జేబులోంచి డబ్బిస్తానంటాడు. పనికి పోతే వచ్చే కూలి పోతుంది కదా, అందుకు. అక్కకు అది వెన్నుపోటులా తగులుతుంది. ఏళ్ల తరబడి చెమటోడ్చింది తను, దారి దొరికింది చెల్లికి. అసూయతో ఆమె చేసే పనిని సినిమా తప్పుగానే చూపుతుంది, అది తప్పే. అయితే ఒక ఇంటి నుంచి ఒక్కరికే తలుపు తెరుచుకునే చోట తోబుట్టువులు పోటీదారులవడం వాళ్ల స్వభావం వల్ల కాదు. ఇద్దరికీ చోటుంటే ఆ అక్క చెల్లెలికి గ్లవ్స్ కట్టి పంపేది.

నిజజీవితంలో పారా అథ్లెట్ దీప్తి జీవాంజి సంగతి చూస్తే ఆ రెండో మాట, నిన్ను ఎక్కడికీ పంపను అన్నది, మళ్లీ గుర్తొస్తుంది. వరంగల్ జిల్లా కల్లెడ ఊరు. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన పిల్లను ఊళ్లో వెక్కిరించినవాళ్లు, అనాథాశ్రమానికి ఇచ్చేయమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఇవ్వలేదు. కష్టకాలంలో ఉన్న కొద్ది పొలం అమ్ముకున్నారు. కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగు చూసి హైదరాబాద్ పంపమంటే బస్సు చార్జీలకు కూడా ఇబ్బంది పడ్డ ఇల్లు అది. 2024లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. బహుమతి డబ్బుతో పొలం తిరిగి కొన్నారు. పతకం వార్తలన్నీ ఇక్కడే ముగిశాయి. కానీ ఆ తల్లిదండ్రులు కూతుర్ని ఇవ్వబోమని చెప్పిన రోజున ఆమె ఎప్పటికైనా పరిగెత్తుతుందని వాళ్లకు తెలియదు. పరిగెత్తకపోయినా ఆ నిర్ణయం అంతే విలువైనది.

'హూప్ డ్రీమ్స్'లో ఒక చోట బాస్కెట్‌బాల్ కోర్టు ఉండదు, బంతి ఉండదు. కొడుకు ఆట కోసం, ఇంటి కోసం పరిగెత్తుతూనే షీలా నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు చదివింది. తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తనకే వచ్చాయని అక్కడే తెలుస్తుంది. నమ్మలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంది. అప్పటివరకు ఆ సినిమాలో ఆమె గురించి ఎవరూ పందెం కాయలేదు.